తాళం వెయ్యకు తమ్ముడూ, పాన్ ఇచ్చేయ్

ఉత్తరం: అన్నయ్యా నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ. నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యి 2019లో పోయారు, వీలునామా ఏమీ రాయలేదు. ఇల్లు ఆయన కట్టించిందే. పైన అమ్మ ఉంటుంది, వయసు 66, ఫ్యామిలీ పెన్షన్ నెలకి 18 వేలు. కింద రెండు పోర్షన్లు, ఒకటి 9,500, ఒకటి 7,000. వీధి వైపు షాపు 8,000. నేను వైజాగ్‌లో ప్రైవేటు ఉద్యోగం, ఏడాదికి 8 లక్షలు. చెల్లి విజయనగరంలో అత్తారింట్లో ఉంది, ఉద్యోగం లేదు. ఇప్పుడు సమస్యలు ఏంటంటే, పెద్ద పోర్షన్‌లో ఉన్న మాస్టారు అమ్మ పాన్ నంబర్ అడుగుతున్నారు, ఇస్తే ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు వచ్చి పడతారని అమ్మకి భయం. షాపువాడు ఐదు నెలలుగా అద్దె ఇవ్వట్లేదు, పండక్కి వచ్చినప్పుడు తాళం వేసేద్దామనుకుంటున్నా. చిన్న పోర్షన్ వాళ్ళు శ్లాబు కారుతోందని వాళ్ళే బాగు చేయించుకుని అద్దెలో 6,000 కోసేసుకున్నారు, అలా కోసుకోవచ్చా. ఎవరికీ అగ్రిమెంట్ లేదు, అంతా నాన్నగారి నోటిమాట. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్ళదే అయిపోతుందని అందరూ భయపెడుతున్నారు, మాస్టారు వచ్చి పదేళ్లు అయింది. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మా ఆవిడకి కూడా చదివి వినిపించాను, ఆవిడ అన్న మాట ముందు చెప్పేస్తాను, "భయపడాల్సిన దానికి ధైర్యంగా ఉన్నాడు, ధైర్యంగా ఉండాల్సిన దానికి భయపడుతున్నాడు" అంది. నిజమే. పాన్ ఇవ్వడానికి భయం, తాళం వెయ్యడానికి మాత్రం భయం లేదు. నేను వకీలుని కాదు, బరంపురంలో ఒక బట్టల కొట్లో ముప్పై ఏళ్లు పద్దులు రాసినవాణ్ణి, చుట్టుపక్కల వాళ్ళ రిటర్నులు నింపి పెడుతుంటాను, మా ఇంట్లో కూడా రెండు పోర్షన్లు అద్దెకి ఉన్నాయి కాబట్టి దెబ్బలు తిని నేర్చుకున్నది చెప్తున్నా. కోర్టు దాకా వెళ్ళే విషయం ఉంటే అక్కడ వకీలు దగ్గరికే వెళ్ళాలి, ఎలా వెళ్ళాలో అది కూడా చెప్తాను.

ముందు తాళం సంగతి, ఎందుకంటే పండక్కి నువ్వు వచ్చేలోపు ఇది నీకు చేరాలి.

తాళం వెయ్యకు. కరెంటు తీయించకు, సామాను బయట పెట్టించకు, నలుగురిని తీసుకెళ్ళి గొడవ చెయ్యకు. నేనూ ఒకసారి వేశాను తమ్ముడూ. మా వీధి గది ఒక కుర్రాడికి ఇచ్చాను, సెల్‌ఫోన్లు బాగు చేసుకునేవాడు, మూడు నెలలు అద్దె ఎగ్గొట్టాడు, నాకు ఒళ్ళు మండి ఒక రాత్రి నా తాళం నేను వేసేశాను. తెల్లారేసరికి వాడు, వాడి మేనమామ, ఇంకో పెద్దమనిషి కలిసి స్టేషన్‌కి వెళ్ళి లోపల జనాల ఫోన్లు ఉన్నాయి, డబ్బు ఉంది, అంతా పోయింది అని కంప్లైంట్ రాసి ఇచ్చారు. లోపల ఏముందో నాకేం తెలుసు, లిస్టు లేదు, సాక్షి లేడు. చివరికి నా మూడు నెలల అద్దె వదులుకుని, పైన ఇంకొంత ఇచ్చి దండం పెట్టి పంపించాను. అప్పుడు ఒక వకీలు గారు నాకు చెప్పిందేంటంటే, అద్దెకి ఉన్నవాణ్ణి చట్టం దారిలో కాకుండా మనంతట మనం బయటికి తోసేస్తే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 కింద వాడు ఆరు నెలల లోపు కేసు వేసి మళ్ళీ లోపలికి రావచ్చట, అక్కడ ఇల్లు ఎవరిది అన్న ప్రశ్న కూడా రాదు, ఎవడు బయటికి తోశాడు అన్నదొక్కటే చూస్తారట. అంటే సొంతదారు నువ్వే అయినా తప్పు నీదే అవుతుంది.

మరి ఏం చెయ్యాలి అంటావా. కాగితం పంపాలి. మీకు అగ్రిమెంట్ లేదు కాబట్టి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 106 ప్రకారం అది నెలనెలా సాగే అద్దె కింద లెక్క, దాన్ని ముగించాలంటే 15 రోజుల నోటీసు చాలు. వకీలు చేత రాయించు, పెద్ద ఖర్చు కాదు, అందులో ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎంత బాకీ, ఫలానా తేదీతో అద్దె ముగిసింది, షాపు ఖాళీ చేసి బాకీ కట్టు అని స్పష్టంగా ఉండాలి, సంతకాలు మీ ముగ్గురివీ ఉంటే మంచిది, ఎందుకో తర్వాత చెప్తా. పోస్టులో పంపు, చేతికిచ్చి ఊరుకోకు. ఇదివరకు రిజిస్టర్డ్ పోస్ట్ అనేవాళ్ళం, 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి స్పీడ్ పోస్ట్‌లోనే, అందినట్టు సంతకం తిరిగొచ్చే పద్ధతిలో పంపి ఆ రసీదు భద్రంగా పెట్టు. వాడు తీసుకోకపోయినా పర్వాలేదు, తీసుకోలేదన్నది కూడా ఒక రుజువే.

నోటీసు ఇచ్చాక వాడు ఒక నెల అద్దె పట్టుకొచ్చి అమ్మ చేతిలో పెడతాడు, ఇది చాలామంది చేసే పని. అమ్మ జాలిపడి తీసుకుంటుంది, అప్పుడు నోటీసు మీరే రద్దు చేసుకున్నట్టు వాడి వకీలు వాదిస్తాడు. తీసుకోవచ్చు గాని రసీదు మీద "పాత బాకీ కింద జమ, నోటీసుకి భంగం లేకుండా" అని రాసి వాడి సంతకం కూడా తీసుకోవాలి. ఈ ఒక్క లైను అమ్మకి ఫోన్‌లో చెప్పి ఊరుకోకు, కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించి రా.

లెక్క చూసుకుంటే ఐదు నెలలు, 40,000. వాడి అడ్వాన్స్ ఎంతుందో నువ్వు రాయలేదు. ఉంటే దాన్ని ఇప్పుడే బాకీలో కొట్టెయ్యకు, ఖాళీ చేసే రోజున కరెంటు బాకీ, విరిగిన షట్టరు, అవన్నీ చూసుకుని అప్పుడు లెక్క కట్టు. ఇంకో మాట, అద్దె బాకీ మీద కేసు వెయ్యాలంటే గడువు మూడేళ్లు, ప్రతి నెల అద్దెకీ ఆ నెల నుంచే మూడేళ్లు మొదలవుతుంది, కాబట్టి పోనీలే చూద్దాం అని ఏళ్లకి ఏళ్లు ఒదిలెయ్యకు.

కేసు అంటే ఖర్చు అని వెనకాడుతున్నావేమో, ఇది చాలామందికి తెలీదు, 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్ ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. అమ్మ పేరు మీద జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి అర్జీ పెట్టు, లేదా 15100కి ఫోన్ చేసి అడుగు. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి రాజీ చేసే ఏర్పాటు కూడా ఉంది, అక్కడ రాసుకున్న రాజీకి కోర్టు డిక్రీ అంత విలువ. నా అనుభవంలో చిన్న షాపువాళ్ళు సగానికి సగం మంది అక్కడే దారికొస్తారు, ఎందుకంటే వాడిక్కూడా రేపు ఇదే బజార్లో ఇంకో షాపు దొరకాలి కదా.

షాపు గురించే ఇంకోటి అడుగుతా, దాని కరెంటు మీటరు వేరేనా, ఇంటి మీటరు నుంచి వైరు లాగారా? నాన్నగారి రోజుల్లో చాలామంది అలాగే లాగేవారు. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిస్తే విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 126 కింద అది అనధికార వాడకం, చెకింగ్‌కి వస్తే ఆ వాడకానికి వర్తించే రేటుకి రెట్టింపు లెక్కగట్టి బిల్లు వేస్తారు, ఎప్పటి నుంచి అలా వాడుతున్నారో తేలకపోతే ఏడాది వెనక్కి వెళ్ళి వేస్తారు. మీటరు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ ఇంటికొస్తుంది అది, షాపువాడి ఇంటికి కాదు. కొత్తవాడికి ఇచ్చేముందు షాపుకి వ్యాపార కనెక్షన్ వేరుగా పెట్టించేయ్.

ఇప్పుడు పాన్ సంగతికి వద్దాం. మాస్టారు ఎందుకు అడుగుతున్నారంటే ఆయన జీతంలో హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటద్దె భత్యం, దాని మీద టాక్స్ మినహాయింపు తీసుకోవాలి, ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి ఓనరు పాన్ ఆఫీసులో ఇవ్వాలి, ఆయన అద్దె 9,500 లెక్కన 1,14,000, దాటింది. ఆయన తప్పేం లేదు పాపం. ఇవ్వకపోతే ఆయనకి నష్టం, ఆ నష్టం అద్దెలో తగ్గించమని అడుగుతాడు, లేదా వేరే ఇల్లు చూసుకుంటాడు, పదేళ్లుగా గొడవ లేకుండా ఉన్న మాస్టారు లాంటివాడు మళ్ళీ దొరుకుతాడా చెప్పు.

అమ్మ భయం తీరాలంటే లెక్క చేసి చూపించాలి, నేను చేశాను. మూడు అద్దెలు కలిపి నెలకి 24,500, ఏడాదికి 2,94,000. ఇంటిపన్ను, మన ఒడిశాలో హోల్డింగ్ ట్యాక్స్ అంటామే అది, ఏడాదికి 6,000 కడుతున్నారనుకుందాం, అందులో అద్దెకిచ్చిన భాగానికి 4,000 అనుకో, ఆ ఏడాదిలో నిజంగా కట్టి ఉంటేనే అది తీసెయ్యాలి, బాకీ పెట్టుకుని తీసెయ్యకూడదు. మిగిలింది 2,90,000. అందులో 30 శాతం రిపేర్లకీ వగైరాకీ కలిపి గుత్తగా వదిలేస్తారు, బిల్లు చూపక్కర్లేదు, రూపాయి ఖర్చు పెట్టకపోయినా వదిలేస్తారు, రెండు లక్షలు పెట్టి శ్లాబు వేయించినా అంతే వదిలేస్తారు. 87,000 పోతే 2,03,000. అదీ అసలు అద్దె ఆదాయం.

షాపు అద్దె చేతికి రాకపోయినా లెక్కలో ఎందుకేశావు అంటావేమో. రాని అద్దెని తీసెయ్యనిస్తారు గాని ఊరికే కాదు, వాణ్ణి ఖాళీ చేయించడానికి, వసూలు చెయ్యడానికి చట్టప్రకారం ప్రయత్నం చేసినట్టు ఉండాలి. చూశావా, ఆ నోటీసు ఇక్కడ కూడా పనికొస్తోంది.

ఇప్పుడు అసలు పాయింటు. ఆ 2,03,000 అమ్మది కాదు. నాన్నగారు వీలునామా రాయకుండా పోయారు, ఇల్లు ఆయన స్వార్జితం, కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకీ నీకూ చెల్లికీ సమానంగా మూడు వాటాలు. చెల్లికి పెళ్ళి అయిపోయింది కదా అనకు, దానికీ వాటాకీ సంబంధం లేదు. అద్దె అమ్మ చేతికే వచ్చినా, అమ్మే ఖర్చు పెట్టుకున్నా, టాక్స్ లెక్కలో ఎవరి వాటా వాళ్ళదే, తలా సుమారు 67,700.

అమ్మకి పెన్షన్ 2,16,000, ఫ్యామిలీ పెన్షన్‌లో కొత్త పన్ను పద్ధతిలో మూడో వంతు గాని 25,000 గాని ఏది తక్కువైతే అది తీసేస్తారు, అంటే 1,91,000. దానికి వాటా కలిపితే సుమారు 2,58,700. కొత్త పద్ధతిలో 2025-26 నుంచి 4 లక్షల దాకా అసలు పన్నే లేదు. అమ్మ టాక్స్ కట్టక్కర్లేదు సరికదా, బ్యాంకు వడ్డీలు పెద్దగా లేకపోతే రిటర్ను కూడా వెయ్యక్కర్లేదు. ఈ మాట చెప్పి పాన్ ఇప్పించేయ్. అమ్మలు పన్ను కన్నా పన్ను అన్న మాటకే ఎక్కువ భయపడతారు, మా అమ్మ కూడా అంతే, చివరిదాకా బ్యాంకు పాస్‌బుక్ బియ్యం డబ్బాలో దాచేది.

నీ సంగతి చూద్దాం. 8 లక్షల జీతంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే 7,25,000, వాటా కలిపితే 7,92,700. కొత్త పద్ధతిలో 12 లక్షల లోపు రిబేటు, అంటే పన్ను మాఫీ, వచ్చి పన్ను సున్నా. కాని నువ్వు రిటర్ను వేస్తూనే ఉంటావు కదా, అందులో ఇంటి ఆదాయం అని ఒక గడి ఉంటుంది, దాంట్లో నీ వాటా చూపించాలి. 2019 నుంచి చూపించలేదని నాకు అర్థమైంది, నువ్వు రాయకపోయినా. 2025-26కి ముందు ఈ 12 లక్షల వెసులుబాటు లేదు, కాబట్టి ఆ ఏళ్లకి నీకు కొంచెం పన్ను పడి ఉండొచ్చు. అప్‌డేటెడ్ రిటర్న్ అని ఒకటుంది, పాత ఏళ్ల తప్పు మనమే సరిదిద్దుకోవచ్చు, పన్నూ వడ్డీ మీద అదనంగా ఏడాది లోపైతే 25 శాతం, రెండేళ్ల లోపైతే 50 శాతం, అలా పెరుగుతూ నాలుగేళ్ల దాకా అవకాశం ఉంది. మొత్తం ఎంత తేలుతుందో ఒకసారి మీ వైజాగ్‌లోనే ఎవరైనా ఆడిటరుకి చూపించు. మాస్టారు పాన్ ఇచ్చాక ఆ లెక్క ఎటూ ప్రభుత్వం దగ్గర కనపడుతుంది, వాళ్ళు అడిగేలోపు మనమే చెప్పుకోవడం పరువుగా ఉంటుంది. చెల్లికి వేరే ఆదాయం లేదు కాబట్టి ఏమీ లేదు.

అమ్మ ఒక్కదాని పాన్ ఇస్తే మొత్తం అద్దె అమ్మ ఖాతాలో కనపడుతుంది కదా అని అడుగుతావు. అందుకే రసీదు మీద ముగ్గురి పేర్లూ వాటాలూ రాసి, అందరి తరఫున అమ్మ తీసుకుంటోంది అని ఒక లైను పెట్టండి, మాస్టారికి ముగ్గురి పాన్‌లూ ఇవ్వండి. నగదుగా 5,000 దాటి ఇస్తే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి, బ్యాంకులో వేస్తే ఆ బాధ కూడా లేదు. అసలు అందరినీ బ్యాంకులో వెయ్యమను. కొత్తగా ఎవరి దగ్గరైనా అడ్వాన్స్ తీసుకుంటే 20,000, ఆ పైన నగదుగా తీసుకోకు, డిపాజిట్లు నగదుగా తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా వేసే రూలు ఒకటుంది. తిరిగి ఇచ్చేసే అడ్వాన్స్ ఆదాయం కాదు, దాని మీద పన్ను లేదు, కాబట్టి దాచాల్సిన పనీ లేదు.

టీడీఎస్, జీఎస్టీ అని ఎవరైనా భయపెడితే పట్టించుకోకు, నెలకి 50,000 దాటితే గాని అద్దె మీద టీడీఎస్, అంటే ఇచ్చేవాడే ముందు పన్ను కోసి కట్టడం, రాదు, మీ ఇల్లు మొత్తం కలిపినా అందులో సగం లేదు. జీఎస్టీ ఏడాదికి 20 లక్షలు దాటితే అప్పుడు చూద్దాం. ఒకవేళ షాపు తీసుకున్నవాడికి చిన్న వ్యాపారుల కాంపోజిషన్ స్కీమ్‌లోది కాకుండా మామూలు జీఎస్టీ నంబరు ఉంటే 2024 అక్టోబరు 10 నుంచి వాడే తన తరఫున 18 శాతం కట్టుకోవాలి, అది వాడి తలనొప్పి.

చిన్న పోర్షన్ వాళ్ళ 6,000 సంగతి. కోసుకోవచ్చు తమ్ముడూ, నీకు నచ్చకపోయినా. అదే ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్‌లో సెక్షన్ 108లో ఉంది, ఓనరు చేయించాల్సిన రిపేరు చెప్పినా చేయించకపోతే అద్దెకున్నవాళ్ళు చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చు అని. ఇక్కడ తేలాల్సింది ఒకటే, ముందు మీకు చెప్పారా లేదా, చెప్పాక మీకు సరిపడా టైమ్ ఇచ్చారా. అమ్మకి చెప్పారో లేదో అమ్మని అడుగు. చెప్పి ఉంటే మేస్త్రీ బిల్లు చూసి ఊరుకో. శ్లాబు కారితే గోడ చెమ్మ ఎక్కి కరెంటు వైర్ల దాకా పోతుంది, వాళ్ళు బాగు చేయించి నీకే మేలు చేశారనుకో.

ఇక పన్నెండేళ్ల భయం. ఇది రాయగడలోనే కాదు, బరంపురంలో, పర్లాకిమిడిలో, జయపురంలో, ఎక్కడికెళ్ళినా ఇంటి ఓనర్లు చెప్పుకునే దెయ్యం కథ. పన్నెండేళ్లు అన్నది లేకపోలేదు, కాని అది ఎవరి అనుమతీ లేకుండా, ఇది నాదే అని బాహాటంగా కూర్చున్నవాడికి. మాస్టారు మీ అనుమతితో, మీకు అద్దె ఇస్తూ ఉన్నాడు, అలాంటివాడు పన్నెండేళ్లు కాదు ముప్పై ఏళ్లున్నా అద్దెకున్నవాడే. అద్దెకి దిగినవాడు ఇల్లు నీది కాదు అని వాదించడానికి కూడా వీల్లేదని పాత సాక్ష్యాల చట్టంలో ఉంది, 2023 భారతీయ సాక్ష్య అధినియమ్‌లో కూడా ఆ మాట అలాగే పెట్టారు.

మరి జనం ఇళ్ళు పోగొట్టుకోవట్లేదా అంటే పోగొట్టుకుంటున్నారు, కాని అది ఏళ్ల వల్ల కాదు, కాగితం లేకపోవడం వల్ల. అద్దె నోటితో, డబ్బు చేత్తో, రసీదు లేదు, ఓనరు పోయాడు, పిల్లలు వేరే ఊళ్ళో, అప్పుడు లోపల ఉన్నవాడు "అద్దెకి కాదు, పెద్దాయన నాకు అమ్మాడు, డబ్బు కూడా తీసుకున్నాడు" అంటాడు. అద్దెకి ఉన్నాడని రుజువు చెయ్యాల్సింది నువ్వు. మాస్టారి హెచ్‌ఆర్‌ఏ కాగితం చూడు, ఆయనే తన ఆఫీసులో, నేను ఫలానావాళ్ళ ఇంట్లో అద్దెకి ఉంటున్నాను, ఇదిగో వాళ్ళ పాన్ అని ఏటేటా సంతకం పెట్టి ఇస్తున్నాడు. అంతకంటే గట్టి సాక్ష్యం నీకు ఎవరిస్తారు? అమ్మ భయపడుతున్న కాగితమే అమ్మ ఇంటిని కాపాడుతోంది.

అగ్రిమెంట్లు అద్దెకున్న ముగ్గురితోనూ రాయించుకో, షాపువాడు ఉంటాడో పోతాడో తేలాక వాడితో. 11 నెలలు ఎందుకు రాస్తారంటే ఏడాదికి మించిన అద్దె కాగితం 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి, చేయించకపోతే అందులోని షరతులు కోర్టులో చూపడానికి పనికిరావు. 11 నెలలకైతే స్టాంపు పేపరు మీద రాసుకుని ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. నెలలు అయిపోగానే మళ్ళీ రాయించు, సొరుగులో పాతది ఉంది కదా అని మర్చిపోకు, మేం మర్చిపోతాం కాబట్టే మా ఆవిడ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రాసి పెడుతుంది. అద్దె పెంచేది కూడా అందులోనే రాసుకో, ఏటా ఎంత శాతమో, రాయగడ రైల్వే డివిజన్ పేరు చెప్పి పక్కింటోళ్ళు పెంచారు అని మధ్యలో పెంచడం మర్యాద కాదు, చట్టంగానూ నిలవదు.

భాష గురించి ఒక్క మాట, ఇది మనలాంటివాళ్ళకే వచ్చే తంటా. అమ్మకి ఒడియా చదవడం రాదేమో, మా అమ్మకీ రాదు, మాట్లాడ్డం మాత్రం గడగడా మాట్లాడేది. కాగితం ఒడియాలో గాని ఇంగ్లీషులో గాని రాయించు, తెలుగులో రాస్తే రేపు కోర్టులో అనువాదం, దానికో ధృవీకరణ, అదో కథ. కాని చివర "ఈ కాగితం తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం పెట్టాను" అని ఒక లైను ఉండాలి, చదివినవాళ్ళ పేరు కూడా. అమ్మ సంతకం తెలుగులోనే పెట్టొచ్చు, బ్యాంకులో పెట్టినట్టే పెట్టమను. అద్దెకున్నవాళ్ళ ఆధార్ కాపీ, ఫోటో తీసుకుని స్టేషన్‌లో వెరిఫికేషన్‌కి ఇచ్చెయ్, ఒడిశా పోలీస్ సిటిజన్ పోర్టల్‌లో కూడా ఇవ్వొచ్చు.

ఇవన్నీ నిలబడాలంటే పునాది ఒకటుంది, పట్టా ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది కదా. తహసీల్ ఆఫీసులో మ్యుటేషన్‌కి, అంటే రికార్డులో పేరు మార్పుకి, పెట్టండి, వారసుల సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్ కావాలి, మున్సిపాలిటీలో హోల్డింగ్ పేరు కూడా మార్పించండి. అందుకే నోటీసు మీద ముగ్గురి సంతకాలు అన్నాను, ఇప్పుడు ఓనర్లు ముగ్గురు. అమ్మ ఒక్కతే సంతకం పెడితే షాపువాడి వకీలు ముందు అక్కడే పట్టుకుంటాడు. చెల్లికి ఫోన్ చెయ్యి, అద్దె గురించి కాదు, ఊరికే చెయ్యి, తర్వాత ఈ సంగతి చెప్పు. వాటా అంతా అమ్మ పేరున రాసేస్తాం అంటుంది చూడు, చాలామంది ఆడపిల్లలు అలాగే అంటారు, కాని తొందరపడి రిలీజ్ డీడ్, అంటే వాటా వదులుకునే కాగితం, రాయించకండి, దానికి స్టాంపు ఖర్చు, రేపు అమ్మ తర్వాత మళ్ళీ ఇదే పంపకం. ముగ్గురి పేర్లూ ఎక్కించి అద్దె అంతా అమ్మే వాడుకోమనండి, మీ లెక్కలో పన్ను ఎటూ సున్నాయే కదా.

ఇంకో రెండు విషయాలు నువ్వు రాయలేదు, అవి తెలిస్తే గాని పైన చేసిన మూడు వాటాల లెక్క ఖాయం కాదు. ఒకటి, నాన్నగారు పోయిన రోజుకి నాయనమ్మ బతికి ఉన్నారా? ఉంటే ఆవిడకీ కొడుకు ఆస్తిలో సమాన వాటా ఉంటుంది, అప్పుడు వాటాలు నాలుగు, ఆవిడ తర్వాత ఆవిడ వాటా మీ బాబాయిలూ మేనత్తల దాకా పోతుంది. రెండోది, స్థలం నాన్నగారు ఎవరి దగ్గర కొన్నారు? రాయగడ జిల్లా షెడ్యూల్డ్ ఏరియా, అక్కడ ఆదివాసీల భూమి వేరేవాళ్ళ చేతికి పోకుండా 1956 నుంచి రెగ్యులేషన్ ఉంది, 2002లో ఇంకా గట్టి చేశారు, అమ్మకమే కాదు లీజు కూడా దాని కిందికి వస్తుంది. ఎక్కువ భాగం టౌన్ స్థలాలకి ఆ చిక్కు ఉండదు గాని చూసుకోవాలి. ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో పట్టా తీసి పేరు పక్కన జాతి అన్న చోట ఏముందో చూడు, నాన్నగారి పాత సేల్ డీడ్ కూడా బీరువాలో వెతుకు, అమ్మినవాళ్ళ వివరం అందులో ఉంటుంది. ఒడియా అర్థం కాకపోతే ఫోటో తీసి పంపు, నేను చదివి చెప్తాను, తహసీల్‌కి ఆ తర్వాత వెళ్దువు గాని.